రెండు వ్రేళ్ల విద్వాంసుడు

బెల్జియమునందు 1910లో జన్మించి, సంచారజీవులగు జిప్సీల బండ్లలో పెరిగిన జాంగో రైన్‌హార్ట్, 1928లో తన బండి అగ్నికి ఆహుతియైన ప్రమాదమున ఎడమచేతి ఉంగరపువ్రేలును చిటికెనవ్రేలును వశము తప్పగా, శేషించిన రెండు వ్రేళ్లతోనే గిటారు తంత్రులపై మెరపువలె పరుగులెత్తు నూతన వాదనపద్ధతిని కల్పించుకొనెను. వంగిపోయిన ఆ వ్రేళ్లును వ్యర్థములు కాలేదు సుమా! పెక్కు స్వరములను ఏకకాలమున పలికించునట్టి కార్డులను పట్టునపుడు సన్నని తంత్రులను అదుముటకు వానినే వినియోగించెడివాడు.

1934లో పారిస్ నగరమున స్టెఫాన్ గ్రాపెల్లి వయొలిన్‌తో జతకూడి నెలకొల్పిన హాట్ క్లబ్ వాద్యపంచకమున డ్రమ్ములు లేవు; లయభారమంతయు రెండు తోడుగిటారులును డబుల్ బాసును వహించెడివి. 1946లో డ్యూక్ ఎలింగ్టన్ బృందముతో అమెరికాలో పర్యటించినపుడు ఆయన విద్యుద్గిటారును చేపట్టెను గాని, నా చెవికి మాత్రము పూర్వపు సెల్మర్ కొయ్యగిటారు నాదమే మధురతరము.