గడప దగ్గర పరీక్ష: డ్యూయల్ క్రెడిట్ ఎవరి కోసం?
(స్మారకోపన్యాసం)



 ఈ స్మారకోపన్యాసం ఏ మాస్టారి పేరిటో ఆయన పాండిత్యం గురించి, పుస్తకాల గురించి నాకు ముందు ఈ వేదిక ఎక్కినవారు చెప్పే ఉన్నారు. నేను ఒక్క సంగతి చెబుతాను. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు ఆయన ఫెయిలైన పేపర్లను విడిగా పెట్టుకుని, మధ్యాహ్నం కునుకు తీసి లేచాక వాటినే మళ్ళీ చదివేవారు. పాసైనవాటిని రెండోసారి ముట్టుకునేవారు కాదు. మార్కులు పెరగడం అరుదు. "వీడు ఎక్కడిదాకా వచ్చి ఆగాడో తెలియాలి కదరా" అనేవారు. టీలో పంచదార ఎక్కువ వేసుకునేవారు. నన్ను చివరిదాకా 'ఒరే' అనే పిలిచారు. ఆయన మీద నాకున్న గౌరవాన్ని ఇంతకంటే చెప్పడం నాకు చేతకాదు. ఇక విషయానికి వస్తాను.

డ్యూయల్ క్రెడిట్ గురించి ఈ సభకు విడమరచి చెప్పనక్కర్లేదు. అమెరికాలో హైస్కూల్ విద్యార్థి కాలేజీ కోర్సు ఒకటి పూర్తి చేస్తే, అది స్కూలు లెక్కలోనూ కాలేజీ లెక్కలోనూ జమవుతుంది. కనెక్టికట్ విశ్వవిద్యాలయం 1955లోనే ఈ పని మొదలుపెట్టింది. 1985లో మిన్నెసోటా రాష్ట్రం దీనికి చట్టం చేసింది. 2022-23 నాటికి ఇలా చదువుతున్నవాళ్ళు దాదాపు 25 లక్షల మంది. చరిత్ర ఇంతటితో చాలు.

నా పేచీ వేరే చోట ఉంది. ఇది పాత పేచీ. ఈ కోర్సుల్లోకి ఎవరిని రానివ్వాలి? "ముందు కాలేజీకి తగినవాడివని పరీక్షలో రుజువు చేసుకో, ఆ తర్వాత కోర్సు ఇస్తాం" అనే పద్ధతి తప్పని నేను వాదిస్తూ వచ్చాను, ఇవాళా వాదిస్తాను. చదువు మధ్యలో మానేసే ప్రమాదం ఉన్న పిల్లల్ని కాలేజీకి సిద్ధం చేసే సాధనమే ఆ కోర్సు. దాన్ని సిద్ధంగా ఉన్నవాళ్ళకిచ్చే బహుమతిగా మార్చేశాం.

మొదట్లో ఇలా లేదు. 1974లో న్యూయార్క్‌లోని లాగార్డియా కమ్యూనిటీ కాలేజీ తన ఆవరణలోనే మిడిల్ కాలేజ్ హైస్కూల్ పెట్టింది. అక్కడ చేర్చుకున్నది బడి మానేస్తారని అందరూ అనుకున్న పిల్లల్ని. వాళ్ళని కాలేజీకి దూరంగా ఉంచి బాగుచేద్దామని ఎవరూ అనుకోలేదు, నేరుగా కాలేజీలోనే కూర్చోబెట్టారు.

ఇప్పుడు టెక్సాస్ చూడండి. ఆ రాష్ట్ర విద్యాచట్టంలో 29.081 సెక్షన్ ఏ విద్యార్థిని ప్రమాదంలో ఉన్నట్టు లెక్కించాలో వరసగా చెబుతుంది. తరగతి తప్పినవాళ్ళు, రెండు ముఖ్య సబ్జెక్టుల్లో 70 మార్కులు రానివాళ్ళు, రాష్ట్ర పరీక్ష పాసవనివాళ్ళు, గర్భవతులు, అప్పటికే బిడ్డలున్నవాళ్ళు, ఇంగ్లిష్ ఇంకా పట్టుబడనివాళ్ళు, ఇల్లు లేనివాళ్ళు, ఒకసారి బడి మానేసి వచ్చినవాళ్ళు. ఆ లెక్కన రాష్ట్రంలో దాదాపు సగం మంది పిల్లలు ఇందులోకే వస్తారు. అదే రాష్ట్రంలో కాలేజీ స్థాయి సాధారణ డ్యూయల్ క్రెడిట్ కోర్సు తీసుకోవాలంటే టీఎస్‌ఐ అనే అర్హత పరీక్షలోగానీ, దానికి సమానంగా ఒప్పుకున్న మరో పరీక్షలోగానీ నెగ్గాలి. పరీక్ష పోయిందని ఒక చట్టం పిల్లని సాయం అవసరమైనవాళ్ళ జాబితాలో రాస్తే, పరీక్ష పోయిందనే ఇంకో నిబంధన ఆ సాయాన్ని ఆపుతుంది. 2015లో శాసనసభ ఈ కోర్సుల సంఖ్య మీద పరిమితులు ఎత్తేసింది. 2023లో, పథకంలో చేరిన కాలేజీల్లో పేద విద్యార్థులకు ఫీజు లేకుండా చేసింది. రెండూ మెచ్చుకోదగ్గ పనులే. ఫీజు పోయింది, పరీక్ష మాత్రం కదల్లేదు.

ఈ పరీక్షల మీద అంత నమ్మకం ఎందుకో నాకు అర్థం కాదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో జూడిత్ స్కాట్-క్లేటన్ 2012లోనూ, సహ పరిశోధకులతో కలిసి 2014లోనూ ఇలాంటి ప్లేస్‌మెంట్ పరీక్షల్ని పరిశీలించారు. గణితంలో నలుగురిలో ఒకరిని, ఇంగ్లిష్‌లో ముగ్గురిలో ఒకరిని ఆ పరీక్షలు చాలా తప్పుడు చోట కూర్చోబెడుతున్నాయని లెక్క తేలింది. ఒక పూట రాసిన పరీక్షకంటే హైస్కూల్ నాలుగేళ్ళ గ్రేడ్లే మెరుగ్గా జోస్యం చెప్పాయి. కొద్దికాలానికే కంపాస్ అనే పేరున్న ప్లేస్‌మెంట్ పరీక్షను తయారుచేసిన సంస్థే ఉపసంహరించుకుంది. "అవి కాలేజీలో కొత్తగా చేరినవాళ్ళ మీద చేసిన అధ్యయనాలు, స్కూలు పిల్లల మీద కాదు" అంటారు నాతో విభేదించేవారు. నిజమే. కానీ అదే రకం పరీక్ష, అదే కటాఫ్ పద్ధతి. పద్దెనిమిదేళ్ళవాడి విషయంలో తప్పుతున్న కొలబద్ద పదహారేళ్ళవాడి దగ్గర సరిగ్గా కొలుస్తుందని చెప్పాల్సిన భారం వాళ్ళది.

రెండో ఆక్షేపణ: డ్యూయల్ క్రెడిట్‌లో బాగుపడేది ఎలాగూ బాగుపడే పిల్లలేనట. దీనికి జవాబు లాటరీ అధ్యయనాల్లో ఉంది. సీట్లకంటే దరఖాస్తులు ఎక్కువై లాటరీ తీసిన పది ఎర్లీ కాలేజ్ హైస్కూళ్ళను, అంటే హైస్కూల్లోనే కాలేజీ కోర్సులు చదివించే బడులను, తీసుకుని, సీటు వచ్చినవాళ్ళనీ రానివాళ్ళనీ ఒక పరిశోధన సంస్థ పోల్చింది. 2013 నివేదిక ప్రకారం కాలేజీలో చేరినవాళ్ళు సీటు వచ్చినవాళ్ళలో 80 శాతం, రానివాళ్ళలో 71 శాతం. అధ్యయన కాలంలోనే ఏదో ఒక కాలేజీ డిగ్రీ చేతికొచ్చినవాళ్ళు 22 శాతం, 2 శాతం. సీటు రానివాళ్ళూ చదువుకోవాలనే దరఖాస్తు పెట్టారు. తేడా లాటరీ చీటీది, దాని వెనక వచ్చిన చదువుది.

అప్పుడు నాతో విభేదించేవారు 2018 నాటి టెక్సాస్ అధ్యయనాన్ని ముందు పెడతారు. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకు అక్కడ ప్రయోజనం మిగతావారికి దక్కినంతగా దక్కలేదు. దాన్ని నేను కాదనను. అయితే అక్కడ కొలిచింది రాష్ట్రమంతటా సాధారణంగా నడిచే డ్యూయల్ క్రెడిట్‌ని. ఎర్లీ కాలేజీల్లో కోర్సుతోపాటు ట్యూటరూ సలహాదారూ ఉంటారు, ఏ కోర్సు తర్వాత ఏది తీసుకోవాలో చెప్పే వరుసా ఉంటుంది. ఆ రెండిటినీ పక్కపక్కన పెడితే తేలేది, తోడు లేకుండా కోర్సు ఒక్కటే చేతిలో పెడితే చాలదని. తలుపు మూసెయ్యమని అందులో ఎక్కడా తేలలేదు.

ఆ తోడు ఏమిటో దగ్గరగా చూద్దాం. టెక్సాస్‌లో ఇంగ్లిష్ 1301 అనే రచనా కోర్సు మొదటిరోజు విద్యార్థి చేతికి సిలబస్ ఇస్తారు. అందులో వ్యాసాల గడువు తేదీలన్నీ ముందే ఉంటాయి. స్కూల్లోలాగా ముందురోజు టీచర్ గుర్తుచెయ్యరు. అడుగున 'ఆఫీస్ అవర్స్' అని ఒక వరస. ఆ వేళల్లో ప్రొఫెసర్ గదికి వెళ్ళి అర్థంకానిది అడగవచ్చని దాని భావం. ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేని పిల్ల అదేదో ఆయన పని వేళలనుకుని వదిలేస్తుంది. మెలిండా కార్ప్ న్యూయార్క్‌లో డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ విద్యార్థుల మధ్య చేసిన పరిశోధన సరిగ్గా ఇక్కడే వేలు పెట్టింది. కాలేజీ విద్యార్థిగా ఎలా మసలాలో కాలేజీ తరగతిలో మసలితేనే వస్తుంది. బయట గైడు చదివితే రాదు. అర్హత పరీక్ష ఈ ముక్కను కొలవదు, నేర్పదు.

మూడో ఆక్షేపణ గట్టిది. కోర్సు ఫెయిలైతే ఆ గ్రేడు కాలేజీ ట్రాన్స్‌స్క్రిప్ట్‌లో ఉండిపోతుంది, తర్వాత ఆర్థిక సాయానికీ అడ్డు రావచ్చు. అందుకు తలుపు మూయడం పరిష్కారం కాదు. మొదటి కోర్సును జాగ్రత్తగా ఎంచాలి, కోర్సు వదులుకునే గడువు పిల్లకి ముందే తెలియాలి, మూడోవారంలోనే ఎవరో ఒకరు పలకరించాలి. కాలిఫోర్నియా 2015లో చేసిన చట్టం కాలేజీ దారి పట్టని పిల్లల్ని దృష్టిలో పెట్టుకునే స్కూళ్ళనీ కమ్యూనిటీ కాలేజీలనీ కలిపింది. టెక్సాస్‌లోనే సరిహద్దు దగ్గరి ఫార్-శాన్ వాన్-అలామో జిల్లా 2007లో బడి మానేసినవాళ్ళ కోసం ఒక అకాడమీ పెట్టి, మిగిలిన స్కూలు క్రెడిట్లు పూర్తిచేస్తూనే సౌత్ టెక్సాస్ కాలేజీలో కోర్సులు మొదలుపెట్టే ఏర్పాటు చేసింది. స్కూలు పూర్తికానివాణ్ణి కాలేజీకి రమ్మని పిలిచిన జిల్లా అది.

ఇదంతా పరాయిదేశపు సంగతి అనుకోకండి. 1969లో ఇంటర్మీడియట్ రాకముందు మన పీయూసీ (ప్రీ-యూనివర్సిటీ కోర్సు) విశ్వవిద్యాలయాల చేతిలోనే ఉండేది. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ప్రవేశ పరీక్ష పెట్టలేదు. పదో తరగతి ఫలితాలు చూసి ఆరేళ్ళ చదువులోకి తీసుకున్నారు. తర్వాత గ్రేడ్లు వచ్చాక ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు 0.4 పాయింట్లు కలిపారు. గడప దగ్గర కోచింగ్ సెంటర్‌కి పని లేకుండా చేశారు.

ప్రస్తుతం నేను పనిచేస్తున్నదీ గడప దగ్గర పరీక్ష లేని ఇలాంటి ఏర్పాటు మీదే. విద్యార్థి క్రెడిట్లు దాచుకునే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021లో వచ్చింది. 2023 నాటి జాతీయ క్రెడిట్ విధానం స్కూలు చదువునీ ఉన్నత విద్యనీ ఒకే లెక్కలోకి తెచ్చింది. మన పట్టణాల్లో చాలాచోట్ల ప్రభుత్వ జూనియర్ కాలేజీ, డిగ్రీ కాలేజీ పక్కపక్కనే ఉంటాయి. ఇంటర్ రెండో ఏడు విద్యార్థి ఆ గోడ దాటి ఒక డిగ్రీ కోర్సు చదివి క్రెడిట్ సంపాదించే ముసాయిదా రాస్తున్నాను. మొదటి కోర్సుగా తెలుగులో చదవడం, రాయడం, వాదించడం నేర్పే పాఠాలు సిద్ధం చేస్తున్నాను. ప్రవేశ పరీక్ష అందులో లేదు. ట్యూటర్‌కి జీతం ఉంది.

ఈ సభలో రెండు రకాల కాలేజీల అధ్యాపకులూ ఉన్నారు. వారానికి రెండు గంటలు ఇవ్వగలవాళ్ళు నాకు కావాలి, ముసాయిదాలో తప్పులు పట్టేవాళ్ళూ కావాలి. ఒక్క షరతు. పేర్లు రాసుకునే రోజున ముందు పిలవాల్సింది సప్లిమెంటరీ రాసి వచ్చిన పిల్లల్ని. డిస్టింక్షన్ వచ్చినవాళ్ళు ఎలాగూ వస్తారు, రానివ్వండి. వీళ్ళని మాత్రం మనమే వెళ్ళి పిలవాలి.