బావగారి గొంతు



యివాళ ఒక రేడియో మనిషిని తలుచుకుందాము. "సేద్యం సంగతి చెప్పక యిదేం ముచ్చట?" అని మీరు అడగవచ్చు. సేద్యం మాట పల్లెకు ఎట్లా చేరుతుందో తెలుసుకోవడం కూడా సేద్యంలో భాగమే. అందుకని ప్రయాగ నరసింహశాస్త్రిగారిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఆయన 1909లో పుట్టి 1983లో కన్నుమూసినారు. నాటకాలు తెలిసినవారు. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938లోను, విజయవాడ కేంద్రం 1948లోను మొదలైనవి. ఆ రెండు చోట్లా ఆయన పనిచేసినారు. గ్రామస్థుల కార్యక్రమంలో మాత్రం ఆయన శాస్త్రిగారు కారు, 'బావగారు'. 'బావగారి కబుర్లు' అంటేనే చాలామంది ఆయనను గుర్తుపట్టేవారు.

యీ 'బావ' అనే పిలుపులో ఒక కిటుకు వుంది. మన పల్లెల్లో కులం ఏదైనా, యిల్లు ఏదైనా, అన్నా, మామా, బావా అని వరస కలుపుకొని పిలుచుకుంటాము. అన్న చెబితే కొంచెం భయపడతాము. మామ చెబితే తల వూపుతాము. బావ చెబితే నవ్వుతాము, ఎదురు మాట కూడా అంటాము. ఆఫీసరు వచ్చి "నీ పద్ధతి తప్పు" అంటే మన మనసు ముడుచుకుంటుంది. అదే మాట బావ ఎగతాళిగా అంటే, యింటికి పోయి ఆలోచిస్తాము. కొత్త విషయం చెప్పేవాడికి ఆ చనువు కావాలి. మైకు ముందు కూర్చొని, కంటికి కనబడని వేలమందితో ఆ చనువు సంపాదించడం సామాన్యమా?

ఆ కాలంలో యింటింటా రేడియో లేదు. పంచాయతీ రేడియో వున్న వూళ్లో సాయంత్రం పొలం నుంచి వచ్చినవాళ్లు దాని చుట్టూ చేరేవారు. వూరంతా ఒకే మాట ఒకేసారి వినేది. అందులో ఎంత బలం వుందో మన సెనక్కాయ రైతుకు ఒక్క పురుగు పేరు చెబితే చాలు, తెలిసిపోతుంది. అదే ఎర్ర గొంగళి పురుగు.

దాని కోశాలు భూమిలో దాక్కొని వుంటాయి. ముంగారు వాన గట్టిగా పడిన ఒకటి రెండు రోజులకే రెక్కల పురుగులు బయటికి వస్తాయి. ఒక్కొక్క ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది. గొంగళ్లు ఒక చేను తినేసి, దండులాగా పక్క చేనికి నడుస్తాయి. ఆ వాన పడిన రాత్రుళ్లు చేలగట్ల మీద మంటలు వేస్తే రెక్కల పురుగులు వెలుగుకు వచ్చి పడతాయి. అయితే నేనొక్కణ్ణే మంట వేసి, మీరు పడుకుంటే లాభం లేదు. వూరంతా ఒకే రాత్రి వేయాలి. ఆలస్యమైతే గుడ్లు పడిపోతాయి. "వానైంది, యీ రాత్రే మంటలు వేయండి" అని పది వూళ్లకు ఒక్కసారి చెప్పగలిగింది ఆ రోజుల్లో ఒక్క రేడియోనే. వినేవాడు నమ్మి లేచి పోవాలంటే, చెప్పే గొంతు తెలిసిన గొంతై వుండాలి.

యింకొక సంగతి. కాలువ కింద వరి నాటే రైతుకు చెప్పే మాట వేరు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే యీ సీమలో, ఒక్క పదును తప్పితే పంట తప్పే రైతుకు చెప్పే మాట వేరు. మద్రాసులోనో విజయవాడలోనో కూర్చున్నవారికి మన చిత్రావతి యిసక తెలియదు. 1963లో కడపలో, 1991లో అనంతపురంలో ఆకాశవాణి కేంద్రాలు వచ్చినాక, మన యాస, మన పంట, మన వాన లెక్క ప్రసారంలోకి రావడానికి దారి ఏర్పడింది. అయినా ఆ దారిలో నడవడానికి కావలసిన చనువు బావగారివంటి వారు ముందే నేర్పినారు.

పుస్తకం రాసినవాడి మాట బీరువాలో వుంటుంది. రేడియో మనిషి మాట గాలిలో పోతుంది. ఆనాటి ప్రసంగాలు చాలావరకు నేరుగా మైకు ముందు చదివినవే. వాటి జాడ మిగిలిందంటే, విన్నవాళ్ల జ్ఞాపకంలోనే. ఆ విన్నవాళ్లు యిప్పుడు ముసలివాళ్లైనారు.

కనుక నా మనవి యిది. మీ యింట్లో అవ్వా తాతలను అడగండి. రేడియోలో ఏ మాట విని ఏ పని మార్చుకున్నారో, ఏ మాట విని నష్టపోయినారో, రెండూ చెప్పించి రాసి పెట్టుకోండి. యివాళ వాన కబురు చేతిలోని ఫోనుకే వస్తున్నది, మంచిదే. కాని ఆ కబురు చెప్పేవారికి మన చేను తెలుసునా లేదా అని అడిగే హక్కు మనకు వుంది. ఆకాశవాణికి ఉత్తరాలు రాయండి. బాగుంటే బాగుందనండి, లేకుంటే లేదనండి. బావతో మాట్లాడినట్టే మాట్లాడండి. వినేవాడు బదులు పలికినప్పుడే చెప్పేవాడి మాట పదునెక్కుతుంది.

సెలవు.