హెచ్చరిక అందిన తర్వాత
(సంక్షేమ సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



రవాణా భద్రత, విపత్తు వేళల్లో జనాన్ని సురక్షిత ప్రాంతాలకు చేర్చే విధానం - ఇవీ మేము డాక్టరేటు కోసం పరిశోధిస్తున్న విషయాలు. తుఫాను వస్తే బస్సెక్కించి పంపడమే గదా, ఇందులో పరిశోధనేముంది అని చాలామంది అడుగుతుంటారు. దానికి జవాబుగానే ఈ నాలుగు మాటలు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సుమారు 10,000 మంది ప్రాణాలు కోల్పోయారు. 1990 మే నెలలో అంత తీవ్రమైన తుఫానే మళ్లీ కృష్ణా తీరాన్ని తాకింది. ఈసారి మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. హెచ్చరికలు ముందుగా అందడం, లక్షలాది మందిని తరలించడం ఇందుకు ముఖ్య కారణాలు.

అయితే హెచ్చరిక ఒక్కటే చాలదు. 2005 ఆగస్టులో అమెరికాలో కత్రినా తుఫాను వచ్చినప్పుడు న్యూ ఆర్లియన్స్‌లో సొంత కారు లేని బీదలు, వృద్ధులు ఎందరో ఊళ్లోనే చిక్కుకుపోయారు. మరుసటి నెలలో రీటా తుఫానుకు భయపడి హ్యూస్టన్ ప్రాంతం నుంచి లక్షలాది మంది ఒక్కసారిగా కార్లలో బయలుదేరారు. రోడ్లు స్తంభించాయి, పెట్రోలు అయిపోయింది. వృద్ధులను తీసుకుపోతున్న బస్సు డాలస్ దగ్గర కాలిపోయి 23 మంది మరణించారు. తుఫాను దెబ్బకన్నా ఆ ప్రయాణంలో పోయినవారే ఎక్కువ.

మా పని చాలావరకు కూడికలూ భాగహారాలే. ఊళ్లో 1,200 మంది ఉన్నారనుకోండి. బస్సుకు 50 మంది చొప్పున 24 ట్రిప్పులు. నాలుగు బస్సులుంటే ఒక్కొక్కటి ఆరుసార్లు తిరగాలి. ట్రిప్పుకు గంటన్నర పడితే తొమ్మిది గంటలు. తుఫాను తీరం దాటకముందే చెట్లు కూలి, కాలువలు పొంగి దారి మూసుకుపోతుంది. ఆ వేళ నుంచి వెనక్కి లెక్కగట్టి మొదటి బస్సు కదిలించాలి.

బస్సు గుమ్మంలో నిలిచినా కదలనివారు కొందరుంటారు. మంచం పట్టిన తండ్రిని ఎవరు మోస్తారు? మేకలను ఎవరు చూస్తారు? పరదా పాటించే ఆడవాళ్లకు షెల్టరులో చాటు, మరుగుదొడ్డి ఉన్నాయా? జవాబు చెప్పేవారు లేకనే వాళ్లు ఆగిపోతారు. వాళ్లది మొండితనం అనడం న్యాయం కాదు.

ఆ జవాబులు మొహల్లాలోనే తయారు కావాలి. కాబట్టి సంఘానికి మా మనవి. తీరప్రాంతపు ప్రతి మొహల్లాలో నడవలేనివారి, గర్భిణుల జాబితా రాసి, ఒక్కొక్కరికి ఇద్దరు యువకుల పేర్లు ఎదురుగా వేయండి. ఏటా సరిచూడండి. కరెంటు పోయినా పలికేలా మస్జిద్ మైకుకు బ్యాటరీ పెట్టించి, అధికారిక హెచ్చరికనే, బస్సు వేళతో సహా చెప్పించండి. అక్టోబరు రాకముందే మన స్త్రీలను వెంటబెట్టుకుని వెళ్లి షెల్టరు చూసి, లోపాలుంటే అధికారులకు అర్జీ ఇవ్వండి.

ఒంటెను కట్టివేసి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయాలని మన ప్రవక్త (స.అ.సం) నేర్పారు. కట్టవలసిన తాడు మన చేతిలోనే ఉంది.