చదువని పత్రముపై చేవ్రాలు

(హోసూరులో జరిగిన సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగపు పాఠము)



ఈ వేదికపై మాట్లాడుటకు పిలిచినప్పుడు, మేము తెలుగు బడులను గూర్చియో గ్రంథాలయమును గూర్చియో మాట్లాడుదుమని కార్యదర్శిగారు తలచియుందురు. నేడు మేము అప్పును గూర్చి మాట్లాడదలచితిమి. వాయిదాలపై కారు కొనుట, అందులోను ఒకసారి పరపతి చెడినవారు కొనుట మా విషయము. భాషా సంఘమునకు ఈ లెక్కలతో పనియేమి యని కొందరికి తోచవచ్చును. ఒక సంగతి విన్నపిమ్మట మీరే నిర్ణయింపుడు.

మా వీథిలో ఒక కుటుంబము కలదు. మూడు తరములుగా వారు ఈ ఊరివారే. ఇంట తెలుగు, బడిలో తమిళము, కచేరీ కాగితములలో ఇంగ్లీషు. మన యిండ్లన్నియు ఇంచుమించుగా ఇట్టివే గదా. ఆ యింటి అబ్బాయి ఇతరుల కారు నడిపి, ఇక్కడినుండి బెంగుళూరునకు ప్రయాణికులను చేరవేయుచుండెను. సొంత కారున్నచో బాడుగ సొమ్ము తనకే మిగులునని ఆశపడెను. అందు తప్పు లేదు. అయితే వెనుక పని పోయిన కాలమున, వాయిదాలపై కొన్న సెల్‌ఫోను బాకీ కొన్ని నెలలు నిలిచిపోయెను. దానితో అతని క్రెడిట్ స్కోరు పడిపోయినది. బ్యాంకువారు అప్పు లేదనిరి. పాత కార్ల అంగడిలోని మధ్యవర్తి మాత్రము, "స్కోరుతో పని లేదు, రేపే బండి తీసికొని పొమ్ము" అనెను.

అబ్బాయి పెదనాన్నగారు హామీదారుగా నిలిచిరి. "బిడ్డ బాగుపడిన చాలును" అని, చూపిన చోటనెల్ల తెలుగులో చేవ్రాలు చేసిరి. కాగితములన్నియు ఇంగ్లీషులో నుండెను.

పత్రము ఒక భాషలోను సంతకము మరొక భాషలోను ఉన్నప్పుడు, అప్పిచ్చువారు వేరొక కాగితమును కూడ తీసికొనుట కలదు. ఇందలి విషయములు నాకు నా భాషలో చదివి వినిపించిరి, నాకు అర్థమైనవి అని దానియందుండును. దాని క్రింద, చదివి వినిపించినవారును సంతకము చేయవలెను. ఆనాటి సాయంకాలము మధ్యవర్తి ఆ యొక్క కాగితమును మాత్రము పట్టుకొని మా యింటికి వచ్చెను. "మీరు రెండు భాషలును తెలిసిన పెద్దలు, ఇది మామూలేనండి" అనెను. ఆ కుటుంబము మాకు కావలసినది. పని చెడగొట్టిన పేరు మాకేల యని మేము సంతకము చేసితిమి. ఒప్పందములో ఒక్క పుటనైనను మేము చదువలేదు. పెదనాన్నగారికి ఒక్క మాటనైనను వినిపింపలేదు. ఈ మాట సభలో చెప్పుకొనుట మాకు సిగ్గుగానే యున్నది.

తొమ్మిది నెలలు వాయిదాలు సక్రమముగా చెల్లినవి. పిమ్మట తల్లికి శస్త్రచికిత్స జరిగి రెండు వాయిదాలు తప్పినవి. ఒకనాటి ఉదయము పెట్రోలు బంకు వద్ద ఇద్దరు మనుష్యులు తాళపుచెవి లాగుకొని కారు తీసికొనిపోయిరి. మరునాడే, మొత్తము బాకీ కట్టుమని పెదనాన్నగారికి తాఖీదు వచ్చెను. ఆయన దానిని పట్టుకొని మా గడపలో నిలిచి, "బాబూ, ఆనాడు నీవు నాకు అంతయు చదివి చెప్పినట్లున్నదట. ఏమి చెప్పితివో నాకు జ్ఞాపకము లేదు" అనిరి. ఎత్తిపొడుచుటకు ఆయన అనలేదు. తానే మరచితినని అనుకొనిరి.

ఆ రాత్రి మేము ఆ ఒప్పందమును మొదటిసారి చదివితిమి. బండిని స్వాధీనము చేసికొనుటకు ముందు 15 దినముల నోటీసు ఇత్తుమని అందే వ్రాసియున్నది. అట్టి నోటీసు ఎవరికిని అందలేదు. ఆ సంగతి ఫైనాన్సువారికి వ్రాతపూర్వకముగా తెలిపి, నిలిచిన వాయిదాలు చెల్లించగా, వేలమునకు పోకముందే కారు తిరిగి వచ్చెను. అప్పటికి 23 దినముల సంపాదన పోయినది. ఆ దినములలో మేము నేర్చుకొన్న సంగతులను మీ ముందుంచుచున్నాము.

మొదటిది స్కోరు సంగతి. మన దేశమున ఈ పరపతి లెక్కలు వ్రాయు సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. సిబిల్ స్కోరు 300 నుండి 900 వరకు ఉండును. 2005 నాటి చట్టము క్రింద ఇవి పనిచేయుచున్నవి. ప్రతి సంస్థయు ఏడాదికొకసారి మీ పూర్తి నివేదికను మీకు ఉచితముగా ఇయ్యవలెను. అప్పు అడుగుటకు ముందే దానిని తెప్పించుకొనుడు. మన పేర్లు ఒకచోట ఇంటిపేరుతోను, మరొకచోట తండ్రి పేరులోని పొడి అక్షరముతోను వ్రాయబడుచుండును. కావున ఇతరుల బాకీ మీ లెక్కలో చేరినదేమో చూడవలెను. తీర్చిన అప్పు తీరనట్లు కనబడుచున్నదేమో చూడవలెను. తప్పు కనబడినచో ఫిర్యాదు చేయుడు. 30 దినములలో పరిష్కరింపనియెడల, ఆపైన దినమునకు 100 రూపాయల వంతున మీకు పరిహారము చెల్లవలెనని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించినది.

ఇంత స్కోరుండవలెనని రిజర్వు బ్యాంకు ఏ సంఖ్యను విధింపలేదు. ఆ గీత గీయునది అప్పిచ్చు సంస్థయే. ఒకరు కాదన్న మాత్రమున అందరును కాదన్నట్లు కాదు. కాదన్నవారిని కారణము వ్రాసి ఇయ్యుమని అడుగుడు. స్కోరుతో పని లేదనువాడు వడ్డీతో పని లేదనడు.

రెండవది వడ్డీ సంగతి. అబ్బాయికి మూడు లక్షల అప్పు, నూటికి పది వడ్డీ, మూడేండ్ల గడువు అని చెప్పిరి. దీనిని ఫ్లాటు వడ్డీ యందురు. మూడేండ్లకు వడ్డీ 90,000, మొత్తము 3,90,000, నెలకు 10,833 రూపాయలు. వినుటకు బాగుగనే యున్నది. కాని నెలనెలా అసలు తీరుచున్నను, వడ్డీ మాత్రము మొదటి మూడు లక్షలపైననే పడుచున్నది. తరుగుచున్న అసలుపై లెక్కించినచో అది సుమారు నూటికి 18 అగును. పదియని చెప్పినది పదునెనిమిది. దీనికి తోడు ప్రాసెసింగు రుసుము, బీమా వేరు.

ఈ మాయకు మందు కలదు. 2024 అక్టోబరు 1 నుండి, వ్యక్తులకిచ్చు ప్రతి క్రొత్త వాయిదా ఋణమునకు ముందుగా ముఖ్యాంశముల పత్రము ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు నియమించినది. రుసుములును బీమాయు కలుపుకొని ఏడాదికి నిజముగా పడు వడ్డీ రేటును అందు చూపవలెను. అందు వ్రాయని రుసుమును మీ స్పష్టమైన అంగీకారము లేక వసూలు చేయరాదు. వారము దినములు గాని అంతకు మించి గాని గడువుగల అప్పులకు ఆ పత్రము కనీసము మూడు పనిదినములు చెల్లవలెను. ఆ మూడు దినములు మీవి. రేపే బండి యనువానితో, ఎల్లుండి వత్తుమని చెప్పుడు.

ఇప్పుడు భాష సంగతికి వచ్చితిమి. ఆ ముఖ్యాంశముల పత్రము ఋణగ్రహీతకు అర్థమగు భాషలో ఉండవలెను. దానిని అతనికి వివరించి, అర్థమైనదని అతని అంగీకారము తీసికొనవలెను. ఫైనాన్సు కంపెనీలు ఋణగ్రహీతకు పంపు సమాచారమంతయు స్థానిక భాషలో, లేక అతనికి అర్థమగు భాషలో ఉండవలెనని మరొక నియమము కలదు. స్థానిక భాష యన్నచో ఇక్కడ తమిళము, షోలాపూరులో మరాఠీ, బరంపురములో ఒడియా. ఆ వెనుకనున్న "లేక" అను మాట మనవంటివారికి అక్కరకు వచ్చునది. దానిని మనము అడిగి తీసికొనవలెను. మన పిల్లలలో అనేకులు తెలుగు మాట్లాడుదురు, చదువుట తమిళములో చదువుదురు. అట్టివారు తమిళ పత్రమునే అడుగుడు. పట్టుదల కొరకు తెలుగు అడిగి, చదువక సంతకము చేయుటకంటె అది మేలు. పెదనాన్నగారివంటి వారికి మాత్రము తెలుగే కావలెను.

మూడవది హామీదారు సంగతి. హామీ యనగా మంచి మాట చెప్పుట యని మనవారు తలచుచున్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, ఒప్పందములో వేరుగా వ్రాసికొన్ననే తప్ప, అప్పు తీసికొన్నవానికెంత బాధ్యతయో హామీదారునకును అంతయే. వాయిదా తప్పినచో హామీదారుని పరపతి నివేదికయు చెడవచ్చును. బంధుప్రీతితో నిలుచువారు ఇది తెలిసి నిలువవలెను.

నాలుగవది వాయిదా తప్పినప్పటి సంగతి. తప్పకముందే పోయి కష్టము చెప్పుకొనుట ఉత్తమము. తప్పినచో జరిమానా వేయవచ్చును, కాని ఆ జరిమానాను అసలులో కలిపి దానిపై వడ్డీ వేయరాదు. వసూలు మనుష్యులు ఉదయము 8 గంటలకు ముందును, రాత్రి 7 గంటల తరువాతను ఫోను చేయరాదని 2022లో ఆదేశమైనది. వారి వద్ద గుర్తింపు కార్డును, సంస్థ ఇచ్చిన అధికార పత్రమును ఉండవలెను. ఫైనాన్సు కంపెనీల ఒప్పందములలో నోటీసు గడువు, స్వాధీనపు పద్ధతి, వేలమునకు ముందు బాకీ తీర్చుకొనుటకు కడపటి అవకాశము వ్రాసియుండవలెను. బలప్రయోగముతో వాహనములను గుంజుకొనరాదని, చట్టమార్గముననే నడువవలెనని సుప్రీంకోర్టు 2007లోను 2011లోను చెప్పినది. బలవంతము జరిగినచో 112కు ఫోను చేయుడు. అయితే మీరు అంగీకరించిన షరతు ప్రకారము నోటీసు ఇచ్చి, బలప్రయోగము లేక తీసికొన్నచో, అది నేరము కాదనియు గ్రహింపుడు. హక్కు తెలిసినంత మాత్రమున అప్పు తీరదు.

ఐదవది ఫిర్యాదు మార్గము. మొదట సంస్థకే వ్రాసి రసీదు పుచ్చుకొనుడు. 30 దినములలో జవాబు రానియెడలగాని, జవాబు తృప్తికరము కానియెడలగాని, 2021లో ఏర్పడిన రిజర్వు బ్యాంకు సమీకృత అంబుడ్స్‌మన్ వ్యవస్థకు వ్రాయవచ్చును. రుసుము లేదు. 14448 అను నంబరులో తెలుగులోను వివరములు చెప్పుదురు. కొన్ని చిన్న ఫైనాన్సు సంస్థలు ఆ పరిధిలోనికి రావు. కావున అప్పు తీసికొనుటకు ముందే ఆ సంగతి అడుగుడు. ఇదిగాక, 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము మీరు నివసించు జిల్లాలోని కమిషన్‌కు పోవచ్చును. బ్రతుకుతెరువు కొరకు తానే నడుపుకొనుటకు కారు కొన్నవాడును ఆ చట్టమునందు వినియోగదారుడే.

అప్పు తీరిన పిమ్మట నిరభ్యంతర పత్రము పుచ్చుకొని, 35వ నమూనా పత్రముతో రవాణా కార్యాలయమున మీ రిజిస్ట్రేషను పుస్తకములో తాకట్టు కొట్టివేయించుకొనుడు. బండి అప్పుడే పూర్తిగా మీదగును.

పెద్దలారా, తాళపుచెవి లాగుకొనినవారు పరాయివారు. చదువని కాగితము క్రింద చదివితినని వ్రాసినది మాత్రము మేము. ఆ యింట మమ్ము నమ్మినది మేము తెలుగువారమనియే. భాషా సంఘమునకు ఈ లెక్కలతో పనియేమి యన్న ప్రశ్నకు మాకు తోచిన సమాధానమిది.

కావున సంఘమునకు ఒక మనవి. ప్రతి ఆదివారము ఉదయము ఒక గంటసేపు, చదువ నేర్చిన ఇద్దరు సభ్యులు ఈ కార్యాలయమున కూర్చుండవలెను. అప్పు కాగితములు తెచ్చినవారికి ప్రతి పుటయు వారి భాషలో చదివి చెప్పవలెను. చదివి చెప్పినయెడలనే ఆ కాగితము క్రింద చేవ్రాలు చేయవలెను. పని చెడినను సరే, చదువక చేయరాదు. ఆ గంటకు మొదటి పేరుగా మా పేరు వ్రాసికొనుడు. పెదనాన్నగారు ఈనాడు ముందు వరుసలోనే కూర్చుండియున్నారు. ఆయన ఒప్పందములో ఇంకను పదునాలుగు పుటలు వినిపింపవలసియున్నవి. వచ్చు ఆదివారము వానితోనే ఆరంభింతుము.

సెలవు.