మూడో గూడు

  

పెనుకొండ చెరువు రాళ్ల మీద పాచికి జారి పడుతూ పెరిగినవాణ్ని. సముద్రాన్ని మొదట చూసింది జంతుశాస్త్రం చదవడానికి విశాఖపట్నం వెళ్లినప్పుడే. అక్కడి రేవులో ఓడల అడుగున పట్టే జీవుల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణపతి గారు, వారి శిష్యులు 1950లలోనే పని చేశారు. అదే దారిలో నేనూ జీవులు అతుక్కోవడానికి రెండు పలకలు నీళ్లలోకి దింపాను. ఒకటి చేపలు చొరబడలేని వలగూడులో, ఇంకొకటి బయట.

పలక మునిగిన కొన్ని గంటల్లోనే బాక్టీరియా జిగట పొర కడుతుంది. ఆపైన డయాటమ్‌లు, బార్నకిల్స్, గొట్టాల పురుగులు, అసిడియన్‌లు, ఆల్చిప్పలు. చోటు జానెడే. అది ముందొచ్చినవాడిదా, బలమున్నవాడిదా అని మేం వాదించుకునేవాళ్లం, తినేవాణ్ని మరిచిపోయి. మెత్తని అసిడియన్‌లను చేపలు కొరికి తింటే, గట్టి పెంకు బార్నకిల్స్‌కు చోటు మిగులుతుంది. చేపలు రాకపోతే ఆ మెత్తనివే పక్కవాటి మీదికి పాకి కప్పేస్తాయి.

అమెరికా పడమటి తీరంలో రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త 1963 నుంచి ఒక రాతి మీది సముద్ర నక్షత్రాలను ఏరేస్తూ వచ్చాడు. తినేది పోతే అన్నీ హాయిగా బతకాలి కదా! కానీ ఆల్చిప్పలు రాయంతా ఆక్రమించాయి. 15 జాతులు 8కి దిగిపోయాయి.

ఇక నా పలకల దగ్గర, గూడు వలకు పాచి పట్టి కళ్లు పూడుకుపోయాయి. గూడులో తేడా అంతా చేపలు రాకపోవడం వల్లేనని నెలల తరబడి నమ్మాను. మా గురువుగారు వల చేతిలోకి తీసుకుని, "చేపను ఆపావా, నీటిని ఆపావా?" అన్నారు. జవాబు లేదు. మూడో పలకకు, వల ఉన్నా చేపలు రాగలిగేలా పక్కలు తెరిచిన గూడు కట్టి, దాన్ని మూడో గూడు అనుకుని, ఏడాది పని మళ్లీ మొదటి నుంచి చేశాను.

నాయనా, ఇవాళ పట్టాలు అందుకున్న మీ మీద నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఫలితం ముందే రాసుకుని ప్రాజెక్టు మొదలుపెడతారు. మూడో గూడు ఏదమ్మా అంటే మొహాలు చూసుకుంటారు. అడగడం మానేసిన మా అయ్యవార్లది ఇంకా పెద్ద తప్పు.

1967లో విశాఖ రేవులో మధ్య అమెరికా వైపు ఆల్చిప్ప మైటిలోప్సిస్ సాలీ కనిపించింది. కొత్తగా వచ్చినదాన్ని తినేవాడు అక్కడ ఉన్నాడా అన్నది పెద్ద ప్రశ్న. అదే ప్రశ్న ఇక్కడా అడగొచ్చు: హంద్రీ-నీవా కాలువతో కృష్ణ నీళ్లు పెనుకొండ దగ్గరి మన గొల్లపల్లి రిజర్వాయరుకూ వచ్చాయి. మంచినీళ్లలో స్పాంజీలు, బ్రయోజోవాలు, నత్తలు ఉంటాయి. మూడో గూడుతో సహా మూడు పలకలు అందులో దింపండి. వల కళ్లు వారానికోసారి తోమండి. సంక్రాంతి దాకా నేను ఇక్కడే మా అక్క ఇంట్లో ఉంటాను. పలకలు పైకి తీసే రోజు కబురు పెట్టండి, వస్తాను.