మూడు బేస్‌బాల్ మైదానాలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్ళి వచ్చినవారు నయాగరా గురించి చెబుతారు. నేను బేస్‌బాల్ మైదానాల గురించి చెప్పదలచాను. కార్యదర్శి గారు పది నిమిషాలే ఇచ్చారు గనుక ఆట నియమాల జోలికి పోను. బంతి గోడ దాటి ప్రేక్షకుల్లో పడితే హోమ్‌రన్, మన సిక్సరు వంటిది. అది తెలిస్తే చాలు.

2009 లో మా తొమ్మిదేళ్ళ మనవడు నన్ను ఓక్లండ్ కొలీజియంకు లాక్కుపోయాడు. పెద్ద కాంక్రీటు గిన్నె. అందం మాట అడక్కండి. సగం సీట్లు ఖాళీ. అయినా ఒక మూల అభిమానులు డప్పులు వాయిస్తూనే ఉన్నారు. వాడు నాకు స్కోరు పుస్తకం రాయడం నేర్పాడు. ప్రతి ఆటగాడికీ ఒక గడి, ప్రతి బంతికీ ఒక గుర్తు. మా గూడ్స్ షెడ్డు రిజిస్టర్లు ఇంతకన్నా సులువు!

తర్వాత బోస్టన్‌లో ఫెన్‌వే పార్కు చూశాను. 1912 లో కట్టినది. పక్కనే వీధి ఉండటంతో ఎడమవైపు స్థలం చాలక 37 అడుగుల ఎత్తున ఆకుపచ్చ గోడ నిలిపారు. ఆ గోడకున్న స్కోరుబోర్డులో అంకెల పలకలు నేటికీ చేత్తోనే మారుస్తారు.

నా మనసు నిలిచిపోయింది మాత్రం బాల్టిమోర్‌లో. అక్కడి కామ్డెన్ యార్డ్స్ 1992 లో కట్టారు. కుడివైపు గోడ వెనుక పొడుగాటి ఎర్ర ఇటుకల భవనం. ఏమిటని అడిగితే బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే వారి పాత గోడౌను అన్నారు! పొడవు 1,016 అడుగులు. పడగొట్టకుండా మైదానంలో కలుపుకున్నారు. ఆట మానేసి కిటికీలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

1995 లో ఆ గోడౌను గోడకే పెద్ద అంకెలు వేలాడదీశారు. కాల్ రిప్కెన్ అనే ఆటగాడు ఒక్క మ్యాచీ మానకుండా ఆడుతూ సెప్టెంబరు 6 న 2,131 వ మ్యాచి ఆడి, లూ గెరిగ్ పాత రికార్డు దాటాడు. చప్పట్లు ఆగక ఆట 22 నిమిషాలు నిలిచిపోయింది. 1998 లో 2,632 దగ్గర తానే ఒకరోజు ఆడనని కూర్చున్నాడు. సిక్ లీవు కాదు, తనంతట తానే. మనలో ఎందరికి ఆ అదృష్టం? మన తేదీ ఆఫీసువారే రాసి పంపారు కదా.

ఓక్లండ్ జట్టు ఊరు విడిచిపోయింది. 1968 నుండి ఆడిన ఆ కొలీజియంలో 2024 సెప్టెంబరు 26 న చివరి మ్యాచి. జట్టు 3-2 తో గెలిచింది. మనవడికిప్పుడు ఉద్యోగం. సెలవు పెట్టి వెళ్ళాడు. ఆనాటి స్కోరు కాగితం నాకు పోస్టులో పంపాడు. అలవాటు కొద్దీ సరిచూశాను. తొమ్మిదో ఇన్నింగ్సులో రెండు గడులు ఖాళీ. ఫోనులో అడిగాను.

"అప్పుడు కాగితం కనపడలేదు తాతయ్యా" అన్నాడు.

ఆ గడులు నేను పూరించలేదు. కాగితం బీరువాలో పెన్షను పుస్తకం పక్కనే ఉంది. చూడదలచినవారు మా ఇంటికి రావచ్చు.