గోదాము గది పిల్లలకివ్వండి

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను విద్య గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఉర్దూ మీడియంలో చదివి, ఉర్దూ మీడియంలోనే పాఠాలు చెప్పేవాణ్ణి. నా తెలుగులో తప్పులుంటే మన్నించగలరు. విద్య అనగానే ఫీజులు, స్కాలర్‌షిప్పులు, ర్యాంకులు గుర్తుకొస్తాయి. నేను మాత్రం చిన్నపిల్లల ఆటల గది గురించి చెప్పదలచుకున్నాను. "మాస్టరుగారికి వేరే విషయం దొరకలేదా" అని మీరు నవ్వుకోవచ్చు. కారణం చెబుతాను.

నా ఆరో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. లెక్కల్లో మంచి చురుకు. కానీ వారంలో రెండు మూడు రోజులు రాదు. వచ్చిన రోజున చంకలో చిన్న తమ్ముడు. వాళ్ల అమ్మీ మిషను కుడితేనే ఇల్లు గడుస్తుంది. మరి పిల్లవాణ్ణి ఎవరు చూస్తారు? ఒకరోజు వాడు ఏడుపు ఆపకపోతే పాఠం పాడవుతోందని నేనే "బయట కూర్చోమ్మా" అన్నాను. మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి రాలేదు. రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. ఫలితం లేకపోయింది. ఆ మాట నేను అనవలసింది కాదు.

ఆ తర్వాతే, 2022లో, మా బడిలో విరిగిన బెంచీలు పడేసిన గదిని ఖాళీ చేయించాం. పది అడుగులకు పన్నెండు అడుగుల గది. గచ్చు గుంటలు పూడ్చడానికి 600, సున్నానికి 700, రెండు పెద్ద చాపలకు 800, మేకులకు, కిటికీ జాలీకి 450, రంగు సుద్దముక్కలకు, బొమ్మల పుస్తకాలకు 300. వెరసి 2,850 రూపాయలు. టీచర్లం తలా కొంత వేసుకున్నాం.

ఇక ఆటవస్తువులు. దర్జీ దుకాణాల పీలికలతో గుడ్డబొమ్మలు కుట్టించాం. అట్టపెట్టెలు, సొట్టపోయిన గిన్నెలు, గరిటెలు ఇళ్ల నుంచి వచ్చాయి. వడ్రంగి దగ్గర మిగిలిన చెక్కముక్కలను గరుకు కాగితంతో నునుపు చేశాం. పాత నల్లబల్లను పిల్లల ఎత్తుకు దించి గోడకు బిగించాం. జల్లెడ పట్టిన ఇసుక ఒక తొట్టిలో పోశాం. అన్నిటికంటే ఎక్కువసేపు ఆడింది ఆ ఇసుకలోనే!

వస్తువులను పెట్టెలో వేసి తాళం పెట్టకండి. తలుపుల్లేని పొట్టి అలమారాలో, చేతికందేటట్లు పెట్టండి. తీసుకోవాలి, ఆడాలి, మళ్లీ అక్కడే పెట్టాలి. ఇది నా సొంత తెలివి కాదు. మారియా మాంటిస్సోరి 1907లో రోము నగరంలో, పేదలుండే అద్దె ఇళ్ల సముదాయంలో, తల్లిదండ్రులు పనికి పోతే దిక్కులేక తిరిగే పిల్లల కోసం ఒక గదిలోనే మొదలుపెట్టారు. మన దేశంలో గిజుభాయి 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టారు.

పొదుపు పేరుతో ప్రమాదం మాత్రం తెచ్చుకోకూడదు. మూడేళ్ల లోపు పిల్లలకు గవ్వలు, గోలీలు, చింతపిక్కలు, గుండీలు అందనీయరాదు. గొంతులో అడ్డుపడతాయి. బిళ్ల బ్యాటరీలు మింగితే ప్రాణానికే ముప్పు. అలమారాను గోడకు మేకులతో బిగించాలి, పిల్లలు ఎక్కుతారు. ఇంట్లో మిగిలిన పాత రంగు డబ్బాలు తెచ్చి పూయకండి. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90కి మించరాదన్న నియమం 2017 నవంబరు నుంచే అమలైంది. పెచ్చులూడే పాత తలుపు చెక్కలూ వద్దు. ఫ్యాక్టరీ బొమ్మ కొంటే ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి.

ఇంత చేసీ నేను మళ్లీ పొరపాటు పడ్డాను. గదిలో పిల్లలను చూసుకోవడానికి పెద్ద తరగతుల ఆడపిల్లలకు వంతులు వేశాను. నెల తిరగకుండా ఒక టీచరమ్మ, "ఇంట్లో మోసిన బరువే ఇక్కడా మోయిస్తున్నాం కదా సార్" అన్నారు. సిగ్గుపడ్డాను. అప్పటి నుంచి తల్లులు, నానీమాలు ఇద్దరిద్దరు చొప్పున రెండేసి గంటలు కూర్చుంటున్నారు. డబ్బు సులభంగానే దొరికింది. ఈ రెండు గంటల మనుషులను కూడగట్టడమే కష్టమైంది. అయితే ఆ రెండు గంటల్లో అక్కలు తరగతిలో ఖాళీ చేతులతో కూర్చుంటున్నారు.

ఇప్పుడు అసలు మనవి. మన సంఘం హాలు వెనక ఒక గది ఉంది. డేగిషాలు, షామియానా గుడ్డలు, విరిగిన కుర్చీలు అందులో ఉన్నాయి. దాన్ని దుకాణానికి అద్దెకివ్వాలనే ప్రతిపాదన కార్యవర్గం ముందుందని విన్నాను. అద్దె వస్తే సంఘానికి మేలే, కాదనను. కానీ ఈ పేటలో తమ్ముళ్లను ఎత్తుకుని గుమ్మాల్లో కూర్చున్న ఆడపిల్లలను ఒక్కసారి లెక్కపెట్టి, ఆ తర్వాత నిర్ణయించండి. డేగిషాలను మేడమీదికి చేర్చవచ్చు. ఒక సంవత్సరం ఇచ్చి చూడండి. పనికిరాదనుకుంటే తిరిగి తీసుకోండి.

ఏ ఆదివారం తాళం తీసినా చీపురు పట్టుకుని ముందుగా నేనే వస్తాను.